నేర్స్‌బరో వంతెన మీద మోపిన నేరం

ఇంగ్లండులో పాత కట్టడాల గురించి మాట వస్తే నికొలాస్ పెవ్స్‌నర్ పేరు రాకుండా ఉండదు. లైప్‌జిగ్‌లో పుట్టి, నాజీల కాలంలో జర్మనీ వదిలి ఇంగ్లండు చేరిన పండితుడాయన. చర్చీలు, కోటలు, మార్కెట్ హాళ్ళు, చివరికి మామూలు ఇళ్ళు కూడా వదలకుండా దేశమంతా చూసి, 1951 నుంచి 1974 దాకా 46 సంపుటాలు వెలువరించారు. ఇవాళ్టికీ ఏ ఊళ్ళోనైనా పాత గోడ కూల్చాలా ఉంచాలా అని గొడవ వస్తే, రెండు పక్షాల వాళ్ళూ ఆయన ఏమన్నారో వెతుకుతారు. అంతటి మనిషి 1959లో వచ్చిన యార్క్‌షైర్ సంపుటంలో నేర్స్‌బరో రైలు వంతెన గురించి రాస్తూ, ఇంగ్లండులో రైల్వేలు చేసిన చెప్పుకోదగ్గ నేరాల్లో ఇదొకటి అనేశారు. అంచున కోట గోడ వేషం తగిలించినంత మాత్రాన అది చూడముచ్చటగా అయిపోదని కూడా అన్నారు.

ఆయన మీద నాకు చాలా గౌరవం. ఆయన పుస్తకాలు చేతపట్టుకుని ఊళ్ళు తిరిగిన వాణ్ణి. కానీ ఈ తీర్పు తప్పు. ఆ తప్పు ఆయనతోనే ఆగిపోలేదు. రైలు వంతెనను కేవలం దృశ్యంగా చూసే అలవాటు ఒకటి మనకు అంటుకుంది. బాగుందంటే ఫోటో తీసుకుంటాం, బాగోలేదంటే తిట్టుకుంటాం. దాని మీద రైలు నడుస్తోందా లేదా అన్నది మాత్రం ఎవరికీ పట్టదు. ఈ వంతెన కింద పారే నిడ్ నది మీద రైల్వే నేరం ఒకటి నిజంగానే జరిగింది. అది జరిగింది ఈ వంతెన పూర్తయిన 1851లో కాదు, 1967లో. జరిగిన చోటు కూడా ఈ వంతెన కాదు, దీనికి ఎగువన ఉన్న మరో వంతెన.

ముందు ఊరి సంగతి చెప్పాలి. లీడ్స్‌కు ఉత్తరంగా, యార్క్‌కు పడమరగా, హారోగేట్ పక్కనే ఉంటుంది నేర్స్‌బరో. 1310లో రెండో ఎడ్వర్డ్ రాజు ఇచ్చిన సనదుతో మొదలైన సంత ఇప్పటికీ ప్రతి బుధవారం జరుగుతుంది. సున్నపురాతి కొండను నిడ్ నది లోతుగా కోసుకుంటూ పోతే, ఆ కొండ అంచున కోట కట్టారు. 1170లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను చంపిన వాళ్ళు వచ్చి తలదాచుకున్నది ఈ కోటలోనే. తర్వాత అంతర్యుద్ధంలో రాజు పక్షాన నిలిచిన పాపానికి పార్లమెంటు దీన్ని కూల్చమంది. ఆ రాళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ గోడల్లోకి చేరాయి. మిగిలిన మొండి బురుజు దగ్గర నిలబడి కిందికి చూస్తే మెట్లు మెట్లుగా దిగే ఇళ్ళు, సెయింట్ జాన్ చర్చి, నలుపు తెలుపు గళ్ళు వేసిన పాత మేనర్ హౌస్, అద్దె పడవలు, వాటన్నిటి మధ్య లోయను దాటుతూ 4 కమానుల వంతెన కనిపిస్తాయి. ఎత్తు సుమారు 78 అడుగులు. నీళ్ళు కదలకుండా ఉన్న రోజున కమానులు నదిలో తలకిందులై గుండ్రటి కళ్ళలా కనిపిస్తాయి. యార్క్‌షైర్ గురించి అచ్చయ్యే క్యాలెండర్లలో సగం వాటికి ఈ బొమ్మ ఉండి తీరుతుంది.

పెవ్స్‌నర్ బాధ నాకు అర్థం కాకపోలేదు. కోట, నది, చర్చి, కొండ ఉన్న చోట అడ్డంగా రైలు కట్ట వేయడం ఆయన కంటికి దౌర్జన్యంగా కనిపించి ఉంటుంది. పైగా ఆ స్తంభాలకు గుండ్రటి బురుజుల ఆకారం, పిట్టగోడకు కోట గోడ మీది పళ్ళ వరస. పక్కన అసలు కోట ఉండగా ఈ నకలు ఎందుకని అడిగితే తప్పు పట్టలేం. అయితే ఆ కాలపు రైల్వే కంపెనీలకు ఇది మామూలే. లీడ్స్ నుంచి హారోగేట్ వెళ్ళే దారిలో బ్రామ్‌హోప్ సొరంగం ఉత్తరపు ముఖద్వారం కూడా కోట బురుజులతోనే ఉంటుంది. జనం రైలును చూసి బెదిరే రోజులవి. భూస్వాములు తమ తోటల పక్కన ఇంజను పొగ రావడానికి ఒప్పుకోని రోజులు. కోట వేషం వేయడం ఒక రకంగా ఊరికి నమస్కారం పెట్టడమే. అందులో మొహమాటం ఉందేమో గానీ నేరం ఎక్కడుంది?

ఇంతకీ ఈ వంతెన ఒక్కసారికి నిలబడింది కాదు. చూడటానికి వచ్చే వాళ్ళలో చాలామందికి తెలియని కథ ఇది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేదీ ఇదే.

1840ల్లో ఇంగ్లండుకు రైల్వే పిచ్చి పట్టింది. ఒక్కో ఏడాది వందల కొద్దీ లైన్లకు పార్లమెంటు అనుమతులిచ్చింది. యార్క్‌లో బట్టల దుకాణం నడిపిన జార్జ్ హడ్సన్ రైల్వే రాజు అనిపించుకుని, 1849లో లెక్కల మోసాలు బయటపడి కూలిపోయింది ఆ ఊపులోనే. యార్క్ నుంచి నేర్స్‌బరోకు లైను వేయడానికి ఈస్ట్ అండ్ వెస్ట్ యార్క్‌షైర్ జంక్షన్ రైల్వే అనే కంపెనీ పుట్టింది. నది దాటితే అవతల స్టార్‌బెక్, ఆ తర్వాత హారోగేట్. వంతెన కడుతూ వచ్చారు. ఇక పూర్తవుతుందనగా 1848 మార్చి 11, శనివారం నాడు మొత్తం నదిలో కూలిపోయింది. రాళ్ళు పడి నీటికి అడ్డుకట్ట అయ్యాయి. గారలోని సున్నం నీళ్ళలో కలిసి దిగువన చేపలు చచ్చి తేలాయి. ఆ అక్టోబరు 30న యార్క్ రైలు మొదలైంది గానీ ఊరికి తూర్పున హే పార్క్ లేన్ అనే చోట వేసిన తాత్కాలిక స్టేషన్ దగ్గరే ఆగిపోయింది. ఊళ్ళోకి రాలేదు, నది దాటలేదు. మళ్ళీ కట్టి, రైలు దాటించేసరికి 1851 అక్టోబరు 1 అయింది.

మూడేళ్ళు. లోయలో కూలిన రాళ్ళను రోజూ చూస్తూ ఊరు మూడేళ్ళు గడిపింది. అప్పట్లో నేర్స్‌బరో లినెన్ నేతకు పేరున్న ఊరు. నది ఒడ్డున మిల్లు, విక్టోరియా రాణి ఇంటికి బట్ట నేసిన మిల్లు. బొగ్గు రావాలన్నా బట్ట పోవాలన్నా బండ్లే గతి. అలాంటి ఊరివాళ్ళు ఒకసారి కూలిన చోటే రెండోసారి కట్టిన దాని మీదుగా వెళ్ళే రైలెక్కారంటే దానికి ఎంత నమ్మకం కావాలో ఆలోచించండి. పెవ్స్‌నర్ ఈ వంతెనను కొండ మీదినుంచి చూసి తూచారు. దాని మీద మొదటి రైలెక్కిన వాళ్ళ వైపునుంచి చూస్తే ఇది ఊరు ఓడిపోయి మళ్ళీ నిలబడ్డ గుర్తు. ఆ పిట్టగోడ పళ్ళ వరస కూడా నాకు అప్పుడు వేరుగా కనిపిస్తుంది. ఒకసారి పరువు పోయిన కంపెనీ, ఈసారి నిలబడుతుందని ఊరికి మాటిచ్చినట్టు.

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1717లో ఈ ఊళ్ళోనే జాన్ మెట్‌కాఫ్ పుట్టాడు. ఆరేళ్ళప్పుడు మశూచి వచ్చి చూపు పోయింది. అయినా గుర్రమెక్కాడు, ఫిడేలు వాయించాడు, చివరికి రోడ్ల కాంట్రాక్టరయ్యాడు. చేతికర్రతో నేలను తడుముకుంటూ సుమారు 180 మైళ్ళ రోడ్లు వేయించాడు. బురద నేలల్లో పొదల కట్టలు పరిచి వాటి మీద రోడ్డు తేల్చిన మనిషి. బ్లైండ్ జాక్ అంటే ఇవాళ్టికీ అక్కడ పిల్లలకు కూడా తెలుసు, మార్కెట్ వీధిలో బెంచీ మీద కూర్చున్న విగ్రహం ఉంది. అంటే దారి వేయడం ఈ ఊరికి బయటినుంచి ఎవరో వచ్చి అంటించిన జబ్బు కాదు. కోట ఎంత ఈ ఊరిదో, రోడ్డూ రైలూ కూడా అంతే ఈ ఊరివి.

వంతెన డిజైన్ చేసింది స్కాట్లండుకు చెందిన ఇంజనీరు థామస్ గ్రేంజర్. బ్రామ్‌హోప్ సొరంగం, దాని తర్వాత వార్ఫ్ నదిని 21 కమానులతో దాటే ఆర్తింగ్టన్ వంతెన, ఇంకా పైన టీస్ నది మీద యార్మ్ అనే మరో సంత ఊళ్ళో ఊరి ఇళ్ళ నెత్తిమీదుగా పోయే 43 కమానుల వంతెన, అన్నీ ఆయన చేతి పనులే. 1852లో స్టాక్టన్ దగ్గర రైలు ప్రమాదంలో గాయపడి ఆయన చనిపోయారు. ఒక్క బ్రామ్‌హోప్ సొరంగం తవ్వడంలోనే 20 మందికి పైగా కూలీలు చనిపోయారు. పక్కనున్న ఓట్లీ ఊళ్ళో చర్చి ఆవరణలో సొరంగ ముఖద్వారం ఆకారంలోనే వాళ్ళకు స్మారకం కట్టారు. ఈ కట్టడాలను అందం, అనాకారితనం అనే తూకంలో మాత్రమే పెట్టేటప్పుడు ఆ కూలీలు నా కళ్ళముందు మెదులుతారు.

మా నాన్న రైల్వేలో పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఎక్కువ భాగం గోదావరి ఒడ్డునే గడిచింది. ఆయన, అమ్మ వేసవిలో మా దగ్గరికి వచ్చినప్పుడు నేర్స్‌బరో తీసుకెళ్ళాను. కోట దగ్గర అందరూ ఫోన్లు పట్టుకుని రైలు కోసం కాచుకుని ఉన్నారు. అమ్మ కూడా. నాన్న మాత్రం, "పైనుంచి ఏం కనబడుద్దిరా, కిందికి పోదాం పద" అని నది ఒడ్డుకు దిగారు. కమాను కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా పైకి చూశారు. రాళ్ళ సందుల్లో ఎక్కడెక్కడ తెల్లటి చారలు దిగాయో వేలితో చూపించారు. లోపలి నీళ్ళు సున్నాన్ని కరిగించుకుని బయటికొస్తే అలా తెల్లగా పేరుకుంటుందట. ఒకచోట గోడలో చిన్న ఫెర్న్ మొక్క కనిపిస్తే, "అదిగో, అక్కడ తడి ఉంది. మొక్క మొలిచిందంటే లోపల నీళ్ళు నిలుస్తున్నట్టే" అన్నారు. తర్వాత గోడకు అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. రైలు రాబోతోందని నాకు అప్పటికింకా తెలీలేదు. స్టేషన్లోంచి కదిలిన రెండు పెట్టెల డీజిల్ రైలు మెల్లగా మా నెత్తిమీదుగా వెళ్ళింది. ఆయన చెయ్యి తీసి, "బాగానే ఉంది. వదులు శబ్దం ఏమీ లేదు. ఎవడో చూసుకుంటున్నాడ్రా దీన్ని" అన్నారు.

ఆ చివరి మాట దగ్గరే నా వాదనంతా ఉంది.

రాతి కమాను సున్నపు గారతో కట్టింది. అలాంటి గార ఆరడానికి నెలలు పడుతుంది, గట్టిపడటానికి ఏళ్ళు పడుతుంది. స్తంభానికి బయట చెక్కిన రాళ్ళు పేరుస్తారు, లోపల ముక్కరాళ్ళు, గార నింపుతారు. పైనుంచి వాన నీళ్ళు లోపలికి దిగకుండా చూడాలి, దిగిన నీళ్ళు బయటికి పోయే తూములు పూడకుండా చూడాలి, సందులు నింపాలి, మొక్కలు పీకాలి. సుత్తితో తట్టి, బోలు శబ్దం వస్తే ఆ రాయి దగ్గర గుర్తు పెట్టుకోవాలి. ఇది ఎవరూ ఫోటో తీయని పని. మీద రోజూ రైళ్ళు నడుస్తూ ఉంటేనే ఈ పని తప్పనిసరి అవుతుంది. రైలు పోతే ఆ పని దయాధర్మం మీద ఆధారపడుతుంది. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టిస్తున్నదీ సరిగ్గా ఈ వంతెన కూలి లేచిన ఏళ్ళలోనే, 1847 నుంచి 1852 దాకా. నాన్న ఆ సంగతి గుర్తుచేసి, "అక్కడా ఇదే రాయి, ఇదే సున్నం. మరమ్మతు చేసేవాడున్నంత కాలం ఉంటాయి" అన్నారు.

స్టేషన్ కూడా ఆయనకు పండగలా ఉంది. ఒక పక్క వంతెన, ఇంకో పక్క సొరంగం, మధ్యలో ఇరుక్కున్న ప్లాట్‌ఫారాలు. ఇళ్ళ వరస చివరి గోడకు అతుక్కుని, మేడ మీది గదిలా ఉండే విక్టోరియా కాలం నాటి సిగ్నల్ క్యాబిన్. మేం వెళ్ళిననాడు ఇంకా చెయ్యి సిగ్నళ్ళే పని చేస్తున్నాయి, తీగ లాగితే కదిలేవి. ఇక్కడినుంచి తూర్పుగా క్యాటల్ దాకా సింగిల్ లైను. ఒకప్పుడు డబుల్ లైనే, 1970ల్లో ఖర్చు తగ్గించడానికి ఒక పట్టా పీకేశారు. నాన్న తన రోజుల్లోని నీల్స్ బాల్ టోకెన్ గురించి, ఇనప గోళం చేతికందితే గానీ రైలు కదలని పద్ధతి గురించి రైలొచ్చేదాకా చెబుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఎగువనున్న ఆ రెండో వంతెన సంగతి. హారోగేట్ ఉత్తరపు శివారు బిల్టన్ దగ్గర అదే నిడ్ నదిని దాటే 7 కమానుల రాతి వంతెన ఉంది. నేర్స్‌బరో వంతెన కంటే ఎత్తైనది. దాన్ని కట్టించిన లీడ్స్ అండ్ థర్స్క్ రైల్వే ఇంజనీరూ గ్రేంజరే. అది 1848లోనే పూర్తయింది, కూలలేదు. హారోగేట్ నుంచి రిపన్ మీదుగా నార్తలర్టన్ దాకా రైళ్ళు దాని మీదుగానే నడిచేవి. అంటే ఒకే నది, ఒకే ఇంజనీరు, ఒకే కాలం. ఒకటి కూలి మళ్ళీ లేచింది, రెండోది మొదటినుంచీ చెక్కుచెదరలేదు. రైలు పోగొట్టుకున్నది మాత్రం చెక్కుచెదరని వంతెనే.

1963లో బ్రిటిష్ రైల్వే బోర్డు ఛైర్మన్ రిచర్డ్ బీచింగ్ నివేదిక వచ్చింది. 2,363 స్టేషన్లు, సుమారు 5,000 మైళ్ళ లైన్లు మూసేయాలని చెప్పింది. ఆ ఏళ్ళలో హారోగేట్ చుట్టూ ఉన్న లైన్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. నేర్స్‌బరో నుంచి బరోబ్రిడ్జి వెళ్ళే శాఖ అంతకు ముందే, 1950లోనే ప్రయాణికులకు మూతపడింది. వెదర్‌బీ లైను 1964లో పోయింది. రిపన్ లైను 1967 మార్చిలో పోయింది. రిపన్ అంటే పెద్ద కేథడ్రల్ ఉన్న, నగరం హోదా ఉన్న ఊరు. దానికి ఇవాళ్టికీ రైలు లేదు. పట్టాలు పీకి, స్థలం ముక్కలు చేశాక మళ్ళీ లైను వేయాలంటే ఎంత కష్టమో ఆ ఊరివాళ్ళను అడగాలి. రిపన్‌లో మా మిత్రుల కుటుంబం ఒకటి ఉంది. వాళ్ళమ్మాయి లీడ్స్‌లో కాలేజీకి వెళ్తుంది. 36 నంబరు బస్సు మంచిదే, అందరూ మెచ్చుకుంటారు. కానీ చలికాలంలో రోడ్డు జామ్ అయిన రోజున ఆ పిల్ల ఇంటికి చేరేదాకా వాళ్ళకు టెన్షనే. నేర్స్‌బరోలో ఉండే నా సహోద్యోగికి ఆ బాధ లేదు. స్టేషన్‌కు నడిచి వెళ్ళి రైలెక్కుతుంది, నది దాటుతుంది, పుస్తకం చదువుకుంటూ లీడ్స్ వచ్చేస్తుంది. పెవ్స్‌నర్ నేరమన్న వంతెన ఆ ఊరికి ఇస్తున్నది ఇదీ.

బిల్టన్ వంతెన మీద 2013 నుంచి నడక దారి, సైకిల్ దారి ఉంది. నిడర్‌డేల్ గ్రీన్‌వే అంటారు. చాలా బాగుంటుంది. పిల్లల సైకిళ్ళు, కుక్కల్ని తిప్పే వాళ్ళు, లోయలో చెట్లు. దాన్ని చూపించి ఒక మిత్రుడు నాతో వాదించాడు: రైలు పోతేనేం, వంతెన దక్కింది కదా, పొగ లేదు, చప్పుడు లేదు, ఇంతకంటే ఏం కావాలని. దారి వేసిన వాళ్ళకు చేతులెత్తి దండం పెడతాను. అర్ధశతాబ్దం ఊరికే పడి ఉన్న దాన్ని మళ్ళీ మనుషుల కాళ్ళకిందికి తెచ్చారు. కానీ వంతెన దక్కడం వేరు, ప్రయాణం దక్కడం వేరు. ఆదివారం నడవడానికి వచ్చే వాడికి ఆ వంతెన ఒక వరం. సోమవారం పొద్దున్న పనికి వెళ్ళాల్సిన రిపన్ మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. చట్టం కట్టడాన్ని రక్షిత కట్టడాల జాబితాలో పెడితే రాళ్ళు కదలకుండా కాపాడుతుంది. ఆ రాళ్ళు ఏ పని కోసం పుట్టాయో ఆ పనిని ఏ జాబితా కాపాడదు.

ఈ మాట గోదావరి వాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. 1900లో మొదలై, 56 స్పాన్లతో గోదావరిని దాటిన హేవ్‌లాక్ వంతెన మీద 1997లో రైళ్ళు ఆగాయి. అక్కడ పక్కనే కొత్త వంతెనలు వచ్చాయి కాబట్టి ప్రయాణం ఆగలేదు, ఆ తేడా ఒప్పుకోవాలి. కానీ పాత వంతెన సంగతి నాన్న ఎప్పుడూ తలుచుకుంటారు. ఆయన కుర్రతనంలో ఆ వంతెన మీద ఒక్క బోల్టు వదులైనా సాయంత్రానికి కాగితం మీదికి ఎక్కేది. రైళ్ళు ఆగిన తర్వాత దాన్ని పర్యాటక స్థలం చేస్తామని ఎన్నిసార్లు విన్నామో. బిల్టన్ వంతెన కథ చెబితే ఆయన పెద్దగా ఏమీ అనలేదు, "అక్కడ నయం, నడవనిస్తున్నారు" అన్నారు.

ఇదంతా పాత గొడవే అయితే నేను ఇంత రాయను. రేపటి గొడవ ఒకటి ముందుంది. లీడ్స్ నుంచి హారోగేట్, నేర్స్‌బరో మీదుగా యార్క్ వెళ్ళే లైను ఇప్పటికీ డీజిల్ లైనే. ఉత్తర ఇంగ్లండులో ఏ లైన్లకు కరెంటు పెట్టాలో చూడమని వేసిన టాస్క్ ఫోర్స్ 2015లో దీన్ని ముందు వరసలో పెట్టింది. పని మాత్రం మొదలవలేదు. ఏదో ఒకరోజు మొదలవుతుందనే నా ఆశ. మొదలైన రోజున వంతెన మీద ఇనప స్తంభాలు లేవాలి, తీగలు పోవాలి. క్యాలెండర్ బొమ్మ మారిపోతుంది. ఆరోజు ఎవరో ఒకరు లేచి ఇది నేరం అంటారు, పెవ్స్‌నర్ మాటనే మళ్ళీ బయటికి తీస్తారు. విచిత్రమేమిటంటే, 1959లో ఆయన లోయను పాడుచేసిందన్న వంతెననే ఈసారి కాపాడాలని ఆ మాట వాడతారు.

నా మాట ఇప్పుడే చెబుతున్నాను: స్తంభాలు పెట్టనివ్వండి. డర్హమ్ ఊరి మీదుగా పోయే 1857 నాటి వంతెన మీద, బెరిక్‌లో ట్వీడ్ నది దాటే రాయల్ బోర్డర్ బ్రిడ్జి మీద 1991 నుంచి కరెంటు రైళ్ళు నడుస్తున్నాయి. స్టాక్‌పోర్ట్‌లో 27 కమానులతో, కోటికి పైగా ఇటుకలతో కట్టిన 1840 నాటి వంతెన మీద 1960 నుంచే తీగలున్నాయి. ఆ వంతెనలను చూడటానికి జనం రావడం మానేయలేదు. ఇనప స్తంభాలు ఎక్కడ నాటాలి, కమాను నెత్తినా, వంతెన రాతి స్తంభం మీదా, పిట్టగోడను ముట్టకుండా ఎలా బిగించాలి, ఏ రంగు వేయాలి, ఈ విషయాల మీద ఎంతైనా పోట్లాడవచ్చు, పోట్లాడాలి కూడా. రాయికి తూట్లు పొడవకుండా పని చేయించాల్సిన బాధ్యత ఇంజనీర్లది. కానీ బొమ్మ చెడుతుందని లైనును వెనక్కి నెట్టే వాదనతో మాత్రం నేను కలవను. ఎందుకంటే డీజిల్ పెట్టెలు పాతబడి, మార్చడానికి డబ్బు లేదనే రోజు ఒకటి వస్తే, ఖర్చు తగ్గించే వాళ్ళ కళ్ళు ముందు పడేది ఇలాంటి సింగిల్ లైన్ల మీదే. 1970ల్లో ఒక పట్టా పీకిన చేతులే అవి.

ఇంకో కోరిక కూడా ఉంది, దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. కోట దగ్గర వంతెన కనిపించే చోటా, కింద పడవల రేవు దగ్గరా, 1848 మార్చి 11న ఇక్కడ కట్టిన వంతెన నదిలో కూలిపోయిందని, ఊరు మూడేళ్ళు ఆగి మళ్ళీ కట్టుకుందని అందరికీ కనిపించేలా ఒక మంచి బోర్డు ఉండాలి. గ్రేంజర్ పేరుతో పాటు రాళ్ళు మోసిన కూలీల సంగతీ అందులో ఉండాలి. చచ్చిన చేపల సంగతి కూడా రాయాలి, పిల్లలు అదే ముందు చదువుతారు. దాని కింద ఆ రోజు రైళ్ళ టైములు పెట్టాలి. ఫోటో తీసుకున్న వాళ్ళలో కొందరైనా కారు వదిలేసి వచ్చేసారి రైలెక్కి వస్తారు. టిక్కెట్లు తెగే లైనును మూయడం ఎవరికైనా కష్టమే.